డోలీ కర్ర చెప్పింది విన్నాను

మా ఆర్మీ ట్రక్కులు అరకులోయ చేరేసరికి ఉదయం ఆరైంది. తుపాను తీరం దాటినా వాన మాత్రం వదల్లేదు. చరియలు విరిగిపడి రైలు ఆగిపోయింది. ఘాట్ రోడ్డు మీద పడ్డ చెట్లను కోసుకుంటూ వచ్చాం. ఆశ్రమ పాఠశాల వరండాలో మకాం. బూట్లలో నీళ్లు, సంచుల్లో నీళ్లు.

మధ్యాహ్నం రేడియోలో ఆర్డరు వచ్చింది. "వాగు అవతల గూడెంలో ఒకామెకు పురిటి నొప్పులు. కల్వర్టు కొట్టుకుపోయింది. చీకటి పడేలోపు ఇవతలికి దాటించండి. ఓవర్."

మా హవల్దార్ ఉత్తరాది గఢ్వాలీ. నా భుజం చరిచి, "ఇది మీ వైపే కదా! మాట్లాడే పని నీది," అన్నాడు. మాది విజయనగరం దగ్గర పల్లె. సెక్షన్ మొత్తంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఛాతీ ఉబ్బిపోయింది.

తీరా వెళ్లాక నా తెలుగు ఎవడిక్కావాలి? ఆ గెడ్డ హోరులో అవతలి గట్టుకు ఏ కేకా చేరదు. నీళ్లు నడుం లోతే, కానీ ఒరవడి మనిషిని నిలవనివ్వదు. అవతల వెదురు కర్రకు దుప్పటి కట్టిన డోలీ. అందులో ఆ అమ్మాయి. ముందు ఆమె మామ, ఓ పెద్దాయన; వెనక మొగుడు. ఇవతల రోడ్డు మీద అంబులెన్సు, అందులో నర్సమ్మ.

హవల్దార్ చెయ్యి చాచి, అరచేయి నేలవైపు తిప్పి, పైకీ కిందికీ ఊపాడు. ఫౌజులో దానికి అర్థం, అక్కడే ఉండండి, వంగండి అని. మన ఊళ్లలో అలా ఊపితే? రా రా అని! వాళ్లిద్దరూ డోలీతో సహా నీళ్లలోకి దిగిపోయారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అరిస్తే వినపడదు. చెయ్యి ఊపితే ఇంకా ముందుకొస్తారు. ఏం చెయ్యాలో తోచక గట్టు మీద బురదలో బాసింపట్టు వేసి, బంతి భోజనానికి కూర్చున్నట్టు కూర్చుండిపోయాను. హవల్దార్ ఏదో తిట్టాడు, మూతి చూస్తే తెలిసింది. పెద్దాయన ఆగి నన్ను చూశాడు. వెనక్కి తగ్గి, డోలీ దించి, తనూ బాసింపట్టు వేశాడు. బతికించావురా బాబూ అనుకున్నాను.

నడుముకు తాడు కట్టుకుని మరో జవానూ నేనూ అవతలికి దాటాం. తాడును చెట్టుకు బిగించాం. వెనక్కి తగ్గేటప్పుడు మొగుడి కాలు రాయి మీద మెలిక పడింది, నిలబడలేకపోతున్నాడు.

"వెనక నేను మోస్తాను," అని పెద్దాయన చెవిలో అరిచాను.

"డోలీ ఎప్పుడైనా మోసినావేటి బాబూ?"

"లేదు తాతా. బేగి నేర్పు."

"గెడ్డలో నోరు పన్జెయ్యదు. ముందరోడు కర్ర మీద సెప్తాడు, ఎనకోడు బుజంతో యింటాడు." కర్ర మీద ఒకసారి చరిచాడు: ఆగు. రెండుసార్లు: నడు. గోళ్లతో గీరాడు: కాలికింద లోతు. "అంతే. నీకు తోసింది మాత్రం సెయ్యకు!"

మొగుడు నా చెయ్యి పట్టుకున్నాడు. "మా ఇంటిది జాగర్త బాబూ."

దిగాం. కర్ర భుజాన, ఒక చెయ్యి తాడు మీద. నాకు ముందు దుప్పటి తప్ప ఏమీ కనపడదు. కర్ర గీరింది. కాలితో తడుముకుని అడుగేశాను. నడిమధ్యలో ఒక్క దెబ్బ. ఆగాను. ఒక చెట్టు మాను వేళ్లతో సహా మా ముందునుంచి దొర్లుకుంటూ పోయింది. ఇంకో అడుగు వేసి ఉంటే ముగ్గురమూ పోయేవాళ్లం. దుప్పటిలోంచి ఆ అమ్మాయి చెయ్యి పైకొచ్చి కర్రను గట్టిగా పట్టుకుంది. రెండు దెబ్బలు. నడిచాను. గట్టెక్కాం!

అంబులెన్సు కదిలే వ్యవధి కూడా లేదు. నర్సమ్మ తలుపు వేసేసింది. జవాను వీపున మొగుడూ ఇవతలికొచ్చాడు. ఆ హోరులో లోపల ఏమవుతోందో ఎవరికీ వినపడదు. అందరం మూసిన తలుపునే చూస్తూ వానలో నిలబడ్డాం.

తలుపు తెరుచుకుంది. నర్సమ్మ రెండు పిడికిళ్లూ పైకెత్తింది. తర్వాత చేతులు ముడిచి ఉయ్యాల ఊపింది. వెనక్కి తిరిగి తల్లిని చూపించి, నవ్వుతూ తలూపింది. ఇద్దరూ క్షేమం!

మొగుడు రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు. మా రేడియో ఆపరేటర్ హ్యాండ్‌సెట్ అందుకుని, "దాటారు సార్! దాటారు!" అని కోడ్ మాటలన్నీ మరిచి అరిచాడు.

పని ముగిసి యూనిట్‌కి తిరిగి వెళ్లాం. ఇప్పుడు పెన్షన్ మీద విశాఖలో ఉంటున్నాను. సరిహద్దులో ఏం చూశావు మావయ్యా అని మా అపార్ట్‌మెంట్ పిల్లలు అడుగుతారు. సరిహద్దులో చాలా చూశాను. అయినా కళ్లు మూస్తే ముందు కనిపించేది నర్సమ్మ తలూపాక ఆ రోడ్డు మీద జరిగిందే. పెద్దాయన ఒక చెయ్యి నా నడుం వెనకనుంచీ, ఒక చెయ్యి హవల్దార్ నడుం వెనకనుంచీ వేసి, గూడెంవాళ్ల థింసా నాట్యంలో పట్టినట్టు బిగించి పట్టుకున్నాడు. డప్పు లేదు, పాట లేదు. ఆయన అడుగు చూసి మేం అడుగేశాం. సెక్షన్ అంతా వచ్చి వరసలో కలిసింది. ఎన్నడూ నవ్వని హవల్దార్ పళ్లన్నీ బయటపెట్టి, బురద బూట్లతో, తప్పు అడుగులు వేస్తూ గెంతుతున్నాడు.