మేతకెళ్లిన మేక

ఎండు నెత్తళ్ల వాసన తగిలితే ఇప్పటికీ నా చెవి వేడెక్కుతుంది.

మా అయ్య ఏటా గుజరాత్ బోట్ల మీద వేటకి పోయేవాడు. బోటు ఒడ్డు దగ్గరుంటేనే ఫోను చేసేవాడు. మా పేటలో సిగ్నల్ అందేది చేపలు ఎండబెట్టే ఇసకదిబ్బ మీదే. ఫోను చెవికి అదిమిపెట్టుకుని అక్కడే కూర్చునేదాన్ని.

"ఏటమ్మీ కబుర్లు?" అనేవాడు. చెప్పడానికేమీ లేక నేను నీళ్లు నములుతుంటే లైను తెగిపోయేది. నా మాటలు చప్పగా ఉన్నాయని అయ్యే పెట్టేశాడనుకునేదాన్ని. బోటు సముద్రం లోపలికి పోతే టవరు అందదని అప్పుడు నాకు తెలీదు.

అందుకే ఒకరోజు మా గుమ్మంలోకి కుంటి మేకపిల్ల వచ్చిందని చెప్పాను.

"తరవాతేటైనాది?" అన్నాడు అయ్య.

ఆ మాట కోసం మేక చేత వల కొరికించాను. మామ్మ చేత దాన్ని తరిమించాను. మళ్లీ ఫోను చేస్తాడని, అసలు సంగతి చెప్పకుండా మధ్యలో ఆపడం కూడా నేర్చుకున్నాను.

ఎండాకాలంలో అయ్య ఇంటికొచ్చాడు. సంచీలోంచి చిన్న ఇత్తడి గంట తీసి, "ఏదే నీ మేక?" అన్నాడు.

"మనకి మేకెక్కడిదిరా?" అంది మామ్మ.

నేను తలొంచుకున్నాను. అయ్య గంట నా చేతిలో పెట్టాడు.

"మేతకెల్లుంటాదిలే."

వానలు తగ్గాక మళ్లీ వేటకి పోయాడు.

ఇప్పుడు విజయనగరంలో అద్దె గదిలో ఒక్కదాన్నే కూర్చుని కథలు రాస్తాను. ఒక్కో వాక్యం రాశాక ఆగి, "తరవాతేటైనాది?" అని వినిపిస్తుందేమోనని చూస్తాను. గంట బల్ల మీదే ఉంది.

మేక ఇంకా రాలేదు.