సరుగుడు తోట దారిలో నాన్న సైకిల్

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా నాన్న బడి మాస్టారు, ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి. పిల్లల్ని దెయ్యం పేరు చెప్పి ఎవరైనా భయపెడితే ఊరుకునేవారు కాదు. ఆయన కూతుర్ని నేను. నన్ను పిచ్చిదాని కింద జమకట్టినా సరే, చూసింది చెబుతాను.

ఎనభైల మొదట్లో మాట. రాజోలు అవతల, సముద్రం వైపు మా ఊరు. ఊరి చివర సరుగుడు తోట అడవిలా ఉండేది. కాలవ వంతెన దగ్గర తోటలోకి దిగిన ఇసుక దారి లోపలంతా చుట్టి, జాలరిపేట పక్కన మళ్లీ రోడ్డెక్కేది. బళ్లు, సైకిళ్లు, పుల్లలేరుకునే ఆడవాళ్లు, గేదెలు, అందరికీ అదే దారి. రెండు బళ్లు తప్పుకునే జాగా లేదు గనక అందరూ వంతెన దగ్గరే దిగాలి, పేట దగ్గరే తేలాలి. దూడని ఎదురు తోలుకొచ్చినా తిట్లు తప్పేవి కావు. బడిలో పిల్లలకి ఆ కట్టుబాటు నేర్పింది మా నాన్నే.

తోట కొట్టడానికి వచ్చిన కాంట్రాక్టరుకి ఇవేవీ పట్టలేదు. దుంగలు ఎత్తాక చుట్టంతా తిరగడానికి బద్ధకించి, ట్రాక్టరుని వెనక్కి తిప్పించి వంతెన వైపు ఎదురు తోలించాడు. మలుపులో ఇసుకలో సైకిలు నడిపించుకుంటూ వస్తున్న నాన్న దాని కింద పడ్డారు. అక్కడికక్కడే పోయారు.

మాస్టారే ఎదురొచ్చారని కాంట్రాక్టరు చెప్పాడు. డ్రైవరూ అదే పాట పాడాడు. అప్పటికే జనం తొక్కేసి ఇసుకలో ఒక్క గుర్తూ మిగల్లేదు. పెద్దలు తలూపారు. తాను నేర్పిన కట్టుబాటు తానే తప్పి చచ్చిపోయాడని ఊరు తీర్పు చెప్పేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా రానంత కోపం.

కొన్ని నెలల తర్వాత, ముసురు వెలిసిన ఒక పొద్దున్న, ఆ మలుపు నా కళ్లతో చూడాలని ఒక్కదాన్నే వంతెన దగ్గర దిగాను. వానకి ఇసుక అలికినట్టుగా ఉంది. నాకంటే ముందు ఎవరూ నడవలేదు.

కాస్త లోపలికెళ్లాక టైరు గీత కనిపించింది. దాని ఎడమపక్కన చెప్పుల్లేని అడుగులు. గీతలో చక్రం తిరిగిన ప్రతిసారీ అడ్డంగా ఒక పట్టీ గుర్తు. నాన్న సైకిలు ముందు టైరు పగిలితే పాత ట్యూబు పట్టీ చుట్టి కట్టారు. అలా కట్టిన సైకిలు ఊళ్లో ఇంకోటి లేదు. ఆ ఒక్కటీ చక్రాలు నలిగిపోయి మా అరుగు మీద పడి ఉంది.

అడుగులు మలుపు దాకా వెళ్లాయి. అక్కడ ఆగిపోయాయి. ముందుకి లేవు, వెనక్కి లేవు.

పరుగున వెళ్లి చిన్నాన్ననీ పంచాయతీ ప్రెసిడెంటుగారినీ తీసుకొచ్చాను. గుర్తులు అలాగే ఉన్నాయి. చిన్నాన్న వంగి చూసి, "ఆయ్, అన్నయ్య టైరేనమ్మా," అన్నారు.

ప్రెసిడెంటుగారు రెండడుగులు వెనక్కి వేశారు. "మాస్టారు తిరుగుతున్నారమ్మా. ప్రార్థన పెట్టించండి."

"ఎటు నుంచి ఎటు నడిచేరో చూడండి, ప్రెసిడెంటుగారూ."

ఆయన చూశారు. వంతెన నుంచి పేట వైపు. చూసి, "పోయినవారి సంగతి ఇప్పుడెందుకమ్మా," అని వెనక్కి తిరిగారు.

సాయంత్రానికి మాస్టారు దెయ్యమయ్యారని ఊరంతా చెప్పుకుంది. పిల్లల్ని తోటలోకి పంపడం మానేశారు. ఆయన సరైన దారినే వచ్చారని మాత్రం ఒక్కరూ అనలేదు. దెయ్యాన్ని నమ్మారు గానీ మా నాన్నని నమ్మలేదు.

మర్నాడు మళ్లీ వాన పడి గుర్తులు పోయాయి. ఆ అడుగులు ఎవరివో, ఎలా పడ్డాయో నేను ఇప్పటికీ చెప్పలేను. ఎటు వెళ్తున్నాయో మాత్రం ఎవరడిగినా చెబుతాను.