డ్రిల్ సారుకి నా మీదున్న అనుమానం

మా డ్రిల్ సారు పోయారన్న వార్త పదో తరగతి పాత స్నేహితుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఒక ఫోటో, దాని చుట్టూ పూలదండ బొమ్మ, కింద వరసగా చేతులు జోడించిన గుర్తులు. నేను నమ్మలేదు. ఎవరేం చెప్పినా నమ్మే ముందు ఇంకొకరిని అడగమని మాకు నేర్పింది ఆయనే. మెసేజ్ పెట్టినవాడికి ఫోన్ చేశాను. వాడికి ఇంకెవరో పంపారట. ఆ ఇంకెవరికో చేస్తే, ఊళ్ళో అనుకుంటుంటే విన్నానన్నాడు. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది. బతికున్న మనిషి మీద ఇలాంటి పుకార్లు పుట్టించేవాళ్ళు తక్కువేం లేరు. ఆఖరికి ధైర్యం చేసి సార్ ఇంటికే ఫోన్ చేశాను. వాళ్ళావిడ ఎత్తారు.

“నిజమేనమ్మా,” అన్నారు. “పొద్దున కాఫీ తాగి వాకిట్లో కుర్చీలో కూసోనుండె. అట్లే తల వాలిపోయె. డాక్టరొచ్చి సూసి సెప్పినా నేను నమ్మలే. ఇంకో డాక్టర్ని పిలవండని గలాటా చేసినాను. ఇన్నేండ్లు కాపరం చేస్తే ఆయన రోగం నాకు అంటుకోదా?”

ఆమె ఏడుస్తూనే కొంచెం నవ్వారు. ఫోన్ పెట్టేశాక నేనూ అలాగే నవ్వుతూ ఏడ్చాను.

ఆయన్ని ఆఖరిసారి చూసింది తిరుపతిలో, నేను పనిచేసే ల్యాబులో. రక్తపరీక్షకు వచ్చారు. నన్ను గుర్తుపట్టి సంతోషించారు గానీ ఆ సంతోషంలో కూడా సూది ప్యాకెట్టు మీద నుంచి కళ్ళు తిప్పలేదు. నా ముందరే చించు అన్నారు. రక్తం తీసి ట్యూబు మీద పేరు రాస్తే, అద్దాలు సవరించుకుని చదివారు. “ఇంటిపేరు కూడా రాయి పాపా. నా పేరుతోనే మా వీధిలో ఇంకొకడు ఉండాడు. వానికి షుగరు. వాని రోగం తెచ్చి నాకు కట్టేస్తారు,” అన్నారు. ఇంటిపేరు రాశాను. పక్కన కూర్చున్న పేషెంట్లు నవ్వుకున్నారు. నాకు మాత్రం మళ్ళీ స్కూల్లో ఉన్నట్టే అనిపించింది.

సత్యవేడుకు దగ్గర్లో మాదొక చిన్న ఊరు. ఆ ఊరి హైస్కూల్లో ఆయన వ్యాయామం మాస్టారు. పేరుకు డ్రిల్లే గానీ, తరగతి గదికి బయట జరిగే పనంతా ఆయన నెత్తిన ఉండేది. ఆటల పోటీలు, విహారయాత్రలు, పదో తరగతి పిల్లల సాయంత్రం చదువులు, పరీక్ష సెంటరుకు తీసుకెళ్ళి భద్రంగా తీసుకురావడం. ఎందుకంటే ఆయన దేన్నీ, ఎవర్నీ నమ్మరు. పిల్లల్ని అలాంటి మనిషికి అప్పగించి మా హెడ్మాస్టరు నిశ్చింతగా ఉండేవారు.

కబడ్డీ పోటీలకు వెళితే అవతలి జట్టులో మీసాలొచ్చిన పిల్లాడి పక్కకు చేరి, “ఏమప్పా, నీకు పిల్లోళ్ళు ఎంతమంది?” అని అడిగేవారు. తాడులాట ముందు తాడు మొత్తం వేళ్ళతో తడిమి చూసేవారు. మధ్యాహ్నం సాంబారు ముందు ఆయన నోట్లో పడాల్సిందే. “నమ్మకం మంచిదే, సూసుకున్నాక,” అనేవారు. ఆ మాట మేమంతా ఆయన గొంతుతో అనుకరించి నవ్వుకునేవాళ్ళం.

ఒకసారి మమ్మల్ని తిరుమల కొండకు నడిపించి తీసుకెళ్ళారు. అలిపిరిలో మెట్లెక్కబోతుంటే ఒకతను వచ్చి, “పిల్లోళ్ళకు దర్శనం బిరీన చేయిస్తాను సార్,” అన్నాడు. సారు “యావూరప్పా నీది?” అని మొదలుపెట్టారు. ఊరు చెప్పాడు. ఆ ఊళ్ళో ఏ వీధి, వాళ్ళ నాయన ఏం చేస్తాడు, ఆ ఊరి బస్సు ఏ దారిన పోతుంది... ఒకదాని వెనక ఒకటి. అతను చెమట తుడుచుకుని, “నాకు పనుండాది సార్,” అని జనంలో కలిసిపోయాడు. సారు మా వైపు తిరిగి, “సూసినారా? మంచోడైతే ఇన్ని ప్రశ్నలకు నా మింద కోపమొచ్చుండాల,” అన్నారు. ఆ లెక్కన ఆయన మీద కోపం తెచ్చుకోని మంచివాళ్ళు మా మండలంలో ఎవరూ మిగిలి ఉండరు.

శ్రీహరికోట వైపు రాకెట్ చూడటానికి తీసుకెళ్ళిన రోజైతే ఆయన అనుమానానికి ఆకాశమే హద్దయింది. డ్రైవరు కళ్ళు ఎర్రగా ఉన్నాయని దింపి ముఖం కడిగించారు. టైర్లు తన్ని చూశారు. పులికాట్ సరస్సు పక్కన రోడ్డు మీద జనంతో పాటు నిలబడ్డాం. అందరూ ఫోన్లలో కౌంట్‌డౌన్ లెక్క వింటున్నారు. ఎగరడానికి కాసేపుందనగా లెక్క ఆగిపోయింది. ఎక్కడో ఏదో సరిగా లేదట, ఈరోజుకు లేదట. అంత దూరం వచ్చి ఉత్త ఆకాశం చూసి పోవడమా అని మాకు ఏడుపొచ్చింది. సారు ముఖం మాత్రం వెలిగిపోతోంది.

“ఎందుకు ఏడుస్తారు?” అన్నారు. “అంతంత చదువుకున్నోళ్ళు. ఇన్నేండ్లు చేసిన పని. దేశమంతా సూస్తా ఉండాది. అయినా రవ్వంత అనుమానం రాంగానే ఆపేసినారు. సిగ్గుపడలేదు. రాకెట్టు ఎగిరింది ఎవురైనా సూస్తారు. ఆపింది సూసినోళ్ళు మీరు.”

ఆరోజు తిరుగు ప్రయాణంలో ఆయన అంత హుషారుగా ఉండటం మేమెప్పుడూ చూడలేదు. మాకు ఆ హుషారు అర్థం కాక, పాపం సారుకి ఎండ దెబ్బ తగిలిందనుకున్నాం.

ఇలా అందరినీ అనుమానిస్తే ఫరవాలేదు. కానీ నా మీద ఆయనకు ఒక ప్రత్యేకమైన అనుమానం. ఎనిమిదిలో ఆ స్కూల్లో చేరినప్పటి నుంచీ చూస్తున్నాను. టెస్టు పెడితే వచ్చి నా బెంచీ పక్కనే నిలబడేవారు. నన్ను ఒకసారి కిటికీ దగ్గరికి, ఒకసారి గోడ పక్కకి మార్చేవారు. ట్రిప్పులో అందరి సంచులూ పైపైన చూస్తే, నా సంచి మాత్రం అడుగు దాకా చూసేవారు. ఎందుకు సార్ అని ఒకసారి ఏడుపు గొంతుతో అడిగాను. “నువ్వు మాట్లాడవు. మార్కులు మాత్రం వస్తాండాయి. మాట్లాడని పిల్లోళ్ళంటే నాకు అనుమానం,” అన్నారు. మాట్లాడకపోవడం కూడా తప్పే అని అప్పుడే తెలిసింది నాకు.

ఇంటికొచ్చి మా నాయనతో చెప్పుకున్నాను. మా నాయన, “అదా సంగతి,” అన్నాడు. వయసులో ఉన్నప్పుడు మా నాయన కబడ్డీ ఆడేవాడట. ఒక ఫైనల్లో గీత తొక్కినావని సారు ఈల ఊది బయటికి పంపారట. “నేను తొక్కలే. మన్ను మింద కాలి గుర్తే లేదు. ఆ పొద్దు నేను అరిచినానని ఈ పొద్దు నా కూతురి మింద సాధిస్తాండాడు,” అన్నాడు. నేను పూర్తిగా నమ్మేశాను. అప్పటి నుంచి ఆయన నా మీద నిఘా, నేను ఆయన మీద నిఘా. సారు ఎవరితోనైనా గుసగుసగా మాట్లాడితే అది నా గురించేనని తీర్మానించుకునేదాన్ని. ఒకసారి హెడ్మాస్టరుతో మాట్లాడి నా వైపు చూసి తలూపారని ఆ పూట అన్నం కూడా తినలేదు.

పదో తరగతికొచ్చాం. మా అక్క అంతకు ముందే పదిలో తప్పి చదువు మానేసి ఇంట్లో కూర్చుంది. మళ్ళీ రాయిస్తామని ఎవరూ అనలేదు. నాకూ అదే షరతు, తప్పితే అంతే. కాబట్టి ఆ పరీక్ష నాకు ప్రాణం మీదికొచ్చినంత పని.

సాయంత్రం చదువుల్లో సారు చెప్పే పాఠమేమీ ఉండదు. వరండాలో తిరుగుతూ మమ్మల్ని చూస్తుండేవారు. ఎవరైనా ఇంపార్టెంట్ ప్రశ్నలని తెస్తే, “నీకెవురు చెప్పినారు? వానికెవురు చెప్పినారు?” అని మొదలు దాకా లాగేవారు. అది ఎప్పుడూ ఎవరో బావమరిది దగ్గర ఆగిపోయేది. కొత్త పెన్ను నమ్మొద్దు, సగం రాసిన పెన్నే తీసుకెళ్ళండి అనేవారు. పరీక్షల ముందురోజు మమ్మల్ని పక్క టౌన్లో ఉన్న సెంటరుకు తీసుకెళ్ళి, మా నంబర్లున్న బెంచీల్లో కూర్చోబెట్టి ఊగుతున్నాయేమో చూశారు. ఊగిన వాటి కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టారు. పరీక్ష రోజుల్లో గేటు బయట చెట్టు నీడన నిలబడి, లోపలికి పోయే ముందు మా అట్టలు, జామెట్రీ బాక్సులు తెరిచి చూసి పంపేవారు. నా బాక్సు అందరికంటే ఎక్కువసేపు చూసేవారని వేరే చెప్పక్కర్లేదు.

లెక్కల పరీక్ష రోజు స్క్వాడ్ వచ్చింది. ఆ అధికారి బెంచీల మధ్య నడుస్తూ నా దగ్గర ఆగి, వంగి, నా కాళ్ళ దగ్గర నుంచి మడిచిన జిరాక్సు చీటీ ఒకటి తీశాడు. “ఇదెవరిది?” అన్నాడు. అది అక్కడికి ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. కిటికీ లోంచి పడిందో, వెనక బెంచీ నుంచి జారిందో. నాది కాదని చెప్పాలి. లేచి నిలబడ్డానంతే. మాట్లాడని పిల్లను కదా. అతను నా పేపరు లాక్కుని, నన్ను సెంటరు చీఫ్ గదికి తీసుకెళ్ళాడు.

కేసు రాస్తే ఈ పరీక్షలే కాదు, నా చదువే అయిపోతుంది. మా అక్క పక్కన ఇంట్లో కూర్చుని ఉన్నట్టు నాకు నేను కనిపించాను. ఏ స్కూలని అడిగి, బయట ఉన్న మాస్టార్ని పిలవమన్నారు చీఫ్ గారు. డ్రిల్ సారు తలుపు తీసుకుని లోపలికి రాగానే ఉన్న కొద్దిపాటి ఆశ కూడా పోయింది. ఇన్నాళ్ళకు దొరికాను కదా అనుకున్నాను.

స్క్వాడ్ అధికారి చీటీ చూపించి, “ఈ అమ్మాయి ఎలాంటిది?” అని అడిగాడు.

“ఈ పిల్లని నేను ఎనిమిదో తరగతి నుంచి అనుమానిస్తా ఉండాను సార్,” అన్నారు ఆయన.

చీఫ్ గారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

“టెస్టుల్లో పక్కనే నిలబడి సూసినాను. బెంచీలు మార్చి సూసినాను. సంచి ఎతికినాను. ఈ పొద్దు గేటు కాడ బాక్సు, అట్ట కూడా సూసే పంపినాను. ఎంత సూసినా ఒక్కతూరి కూడా దొరకలే. దొరికుంటే నేనే పట్టిచ్చుందును. మిగతా పిల్లోళ్ళ సంగతి నాకు ఇంత గట్టిగా తెలవదు. ఈ పిల్ల సంగతి తెలుసు. ఆ చీటీ ఈ పిల్లది కాదు.”

“మీ స్కూలు పిల్ల కాబట్టి మీరలాగే చెప్తారు,” అన్నాడు అధికారి.

“అవును సార్. నా మాట కూడా నమ్మొద్దండి,” అన్నారు సారు, అదేదో న్యాయమైన మాట అన్నట్టు. “చీటీలో ఉండే లెక్క ఈ పిల్ల రాసిందేమో సూడండి.”

చీఫ్ గారు లెక్కల మాస్టారే. చీటీ, నా పేపరు పక్కపక్కన పెట్టుకున్నారు. చీటీలో ఉన్నది గోపురం ఎత్తు కనుక్కునే లెక్క. నేను అది రాశాను. పూర్తిగా రాసి, జవాబు కింద గీత కూడా గీశాను. ఆయన వేలు రెండు కాగితాల మీదా దిగుతూ వచ్చి ఆగింది. “చీటీలో సరిగ్గా ఉంది. ఈ అమ్మాయి ముప్పై, అరవై డిగ్రీలు తారుమారు చేసి తప్పు జవాబు రాసింది. చీటీ తనదైతే ఈ తప్పెందుకు చేస్తుంది?” అన్నారు. అధికారి తనూ ఒకసారి చూసుకున్నాడు. చీటీ నలిపేసి, “పో, రాసుకో,” అన్నాడు.

చదువులో చేసిన తప్పు నన్ను కాపాడటం అదే మొదటిసారి, ఆఖరిసారీ. కానీ ఆ తప్పును అక్కడ బల్ల మీద పెట్టించింది ఆయన అనుమానం. అన్నేళ్ళుగా నన్ను ఏడిపించిన ఆ అనుమానమే లేకపోతే ఆరోజు నా గురించి గట్టిగా చెప్పగలిగేవాళ్ళు ఈ లోకంలో ఎవరూ లేరు. నన్ను ముద్దు చేసిన టీచర్లు చాలామంది ఉన్నారు. “మంచి పిల్ల సార్” అనేవాళ్ళు, అంతకంటే చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండేది కాదు. ఆ కృతజ్ఞత ఆయన బతికుండగా సరిగ్గా చెప్పుకోలేకపోయానని ఇప్పుడు బాధగా ఉంది.

బెంచీ దగ్గరికి వచ్చి పేపరు ముందు పెట్టుకున్నాను. ఇంకా టైముంది. గోపురం లెక్క నన్నే చూస్తోంది. ఎక్కడ తప్పానో ఇప్పుడు తెలుసు. చీటీ ఆఖరి వరస కూడా ఆ గదిలో నా కళ్ళలో పడింది. ఒక్క గీత కొట్టి కింద మళ్ళీ చేస్తే చాలు, ఎవరూ అడగరు. ఆ లెక్కకు మార్కులు కూడా తక్కువేం కావు. పెన్ను ఎత్తి, చాలాసేపు అలాగే పట్టుకుని, తర్వాత పేజీ తిప్పేశాను.

గంట కొట్టాక బయటికొస్తే మావాళ్ళంతా గేటు దగ్గర జవాబుల మీద అరుచుకుంటున్నారు. సారు నన్ను పక్కకు పిలిచారు.

“ఆ లెక్క దిద్దినావా?”

“లేద్సార్.”

“ఏం?”

“దిద్దితే ఆ చీటీ నాదే అయిపోతాది సార్.”

కళ్ళు చిన్నవి చేసుకుని నా ముఖంలోకి చూశారు. ఆ చూపు నాకు అలవాటే. ఇప్పుడిక ప్రశ్నలు మొదలవుతాయని కాచుకున్నాను. ఏమీ అడగలేదు.

బస్టాండుకు బయలుదేరాం. మేము ఎక్కడికి నడిచినా ఆయన అందరికంటే వెనక వచ్చేవారు, ఒక్కరు కూడా కంటికి తప్పిపోకుండా. ఆరోజు మాత్రం, “నువ్వు ఆఖర్న రా పాపా. అందర్నీ సూసుకో,” అని నాతో చెప్పి ముందుకు వెళ్ళిపోయారు. మండే ఎండలో తెల్ల టోపీ, చెమటకు వీపుకి అతుక్కుపోయిన చొక్కా. బస్టాండు వచ్చేదాకా ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.