దీపం కొనే ముందు చీకట్లో కూర్చోమన్న మస్తానమ్మ మేడం

మస్తానమ్మ మేడం ఇక లేరు. ఈ మాట నా చేత్తో రాసి కూడా నాకు నమ్మకం కలగడం లేదు. ఆ గురువారం సాయంత్రం ఆమె కల్లూరులో మేం కట్టుకున్న కొత్తింటికి రావలసి ఉంది. తాను వచ్చి చూసేదాకా ఒక్క లైటు కూడా బిగించవద్దని ముందురోజే ఫోన్లో గట్టిగా హెచ్చరించారు. గురువారం పొద్దున నేను షాపు తాళం తీస్తుండగా ఫోన్ మోగింది. తెర మీద ఆమె పేరే కనిపించింది. సాయంత్రం పని గురించే అనుకుని "చెప్పండి మేడం" అన్నాను. అవతల వినిపించింది ఆమె భర్త కాశీం సారు గొంతు.

"శీనా, నేనప్పా. మీ మేడం పోయింది. టీ కాస్తా కాస్తా గుండె పట్టుకొని కూర్చునింది. మల్లా లేయలేదు."

ఎలక్ట్రికల్ సామాన్లు అమ్ముకునే నాకు ఫ్యూజు పోవడం కొత్త కాదు గానీ, మనిషి అంత హఠాత్తుగా ఆగిపోతుందని ఊహించలేకపోయాను. పక్క షాపు అతను వచ్చి భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. తాళం సగం తీసిన తలుపుకే వేలాడుతూ ఉండిపోయింది.

ఆమెను ఎరుగని వారికోసం నాలుగు మాటలు చెప్పాలి. కర్నూలు పాతబస్తీలో దూది ఏకి పరుపులు కుట్టే దూదేకుల ఇంట పుట్టారామె. హోంసైన్సు చదివి, కొన్నాళ్ళు మహిళా కళాశాలలో పాఠం చెప్పి, ఆ ఉద్యోగం మానేసి గృహాలంకరణ దుకాణం తెరిచారు. పరదాలు, పరుపులు, మంచాలు, కుర్చీలు, దీపాలు, ఇలా ఇంటికి కావలసిన ప్రతి వస్తువునూ మన నేలనూ మన ఎండనూ దృష్టిలో పెట్టుకుని ఎంచి ఇచ్చేవారు. కర్నూలు నుంచి కడప దాకా ఆమె అడుగుపెట్టిన ఇళ్ళు ఎన్నో. ప్రకృతికి హాని చేయని వస్తువుతోనే సౌందర్యం సాధ్యమని ఆమె దృఢంగా నమ్మారు. ఆ నమ్మకాన్ని వాదనతో కంటే కూర్చోబెట్టి చూపించడంతోనే ఎక్కువమందికి అంటించారు.

నాకు తొలి పరిచయం నా షాపులోనే. ఒక దీపం కావాలని వచ్చారు. అప్పట్లో మా షాపు పైకప్పంతా మిలమిలలాడే లైట్లే. ఆమె ఓసారి తలెత్తి చూసి, "అన్నీ ఆర్పేయప్పా. పెండ్లికూతుర్ని చూపించమంటే ఊరేగింపు చూపిస్తాండావు" అన్నారు. మిగతా గిరాకీలు చీకట్లో నిలబడి నన్ను తిడుతుండగా, ఆమె ఒక్కో దీపమే వెలిగించమని దాని కింద అరచెయ్యి పెట్టి చూసుకున్నారు. తెల్లటి దీపం కింద చెయ్యి పాలిపోయి కనిపించింది. "ఈ లైటు ఇంట్లో పెట్టుకుంటే మొగుడూ పెండ్లాలు ఇద్దరూ రోగిష్టోళ్ళ మాదిరే కనపడ్తారు. ఇంకోటి ఎయ్యి." చివరికి తక్కువ కరెంటుతో పసుపు ఛాయ వెలుగిచ్చే చిన్న దీపం ఒక్కటి తీసుకుని వెళ్ళిపోయారు. ఆనాటి నుంచి నా గిరాకీలకు ఆమె చెప్పే మొదటి మాట, శీనయ్య చూపించిన దాంట్లో సగం చాలు అని. వ్యాపారికి అంతకంటే శత్రువు ఉండదు. అయినా నేను ఆమె వెంట తిరగడం మొదలుపెట్టాను, ఎందుకంటే ఆమె పంపిన గిరాకీ మళ్ళీ తిరిగి వచ్చి తిట్టేది కాదు.

ఏ ఇంటికైనా దీపాలు ఎంచే ముందు ఆ ఇంట్లో ఒక సాయంకాలం కూర్చోవడం ఆమె పద్ధతి. సూర్యాస్తమయానికి ముందే ఇంటిల్లిపాదినీ హాల్లో కూర్చోబెట్టి, లైట్లన్నీ ఆర్పించి, మాట్లాడకుండా వెలుతురు తగ్గడాన్ని చూడమనేవారు. కొంతసేపటికి ఒకటే ప్రశ్న అడిగేవారు. "చీకటి ముందు యాడికొచ్చిందో చెప్పండి." ఆ ప్రశ్న ఇంటి యజమానిని కాక ఇంట్లో ఎక్కువసేపు గడిపే ఆడవాళ్ళనూ పెద్దవాళ్ళనూ అడిగేవారు. వాళ్ళు చూపించిన చోటే మొదటి దీపం. మిగతా దీపాలు అవసరమైతేనే.

ఈ పద్ధతి మా ఇంట్లో పెద్ద గొడవే తెచ్చింది. నందికొట్కూరులో మా పాత ఇల్లు బాగుచేయించే రోజుల్లో మేడంను తీసుకువెళ్ళాను. పొద్దు గూకుతుంటే లైట్లు ఆర్పమనగానే మా అమ్మ లేచి నిలబడింది. "లచ్చిందేవి వచ్చే యాళకు ఇల్లు చీకటి చేసుకొని కూర్చోమంటావా? ఇదేం విద్య తల్లీ? వెలుగు తెచ్చేదానివని పిలిస్తే దరిద్రం తెస్తాండావే" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మేడం ముఖంలో మాత్రం కోపం లేదు. "మా జేజమ్మ కూడా అంతే పెద్దమ్మా. నమాజు యాళకు దీపం పెట్టకుంటే మాకు అన్నం పెట్టేది కాదు. నీ దీపం నువ్వు పెట్టుకో. ఆ వెలుగు యాడిదాకా పోతాదో నేను చూస్తా. అది నిలిచిపోయిన తావు నుంచి నా పని" అన్నారు. మా అమ్మ గొణుక్కుంటూనే దేవుడి గూట్లో దీపం పెట్టింది. ఆ సాయంత్రం నుంచి మేడం పద్ధతికి ఒక సవరణ వచ్చింది. హిందువుల ఇల్లయినా, ముస్లింల ఇల్లయినా, ముందు ఆ ఇంటి పెద్దావిడ చేత ఒక దీపం వెలిగించమనేవారు. ఆ తర్వాతే చూడడం. అది మా అమ్మ నేర్పిన పాఠమని అందరికీ చెప్పేవారు కూడా. మా అమ్మ ఆ కీర్తిని ఏనాడూ కాదనలేదు.

పర్యావరణ హితం అనగానే గోనెసంచి రంగు పరదాలూ, కూర్చుంటే నడుం పట్టే కుర్చీలూ గుర్తుకొచ్చే జనం చాలామంది. మేడంకు ఆ మాట వింటేనే ఒళ్ళు మండేది. ఎమ్మిగనూరు చేనేత చీర కట్టి, వెండి దుద్దులు పెట్టి, కళ్ళకు సన్నగా కాటుక దిద్ది ఆమె షాపులో నిలబడితే ఆ అభియోగానికి అదే సమాధానం. "పేదగా కనపడాలంటే పర్యావరణం ఎందుకప్పా? మామూలుగానే కనపడొచ్చు గదా" అనేవారు.

కల్లూరులో ఒక కాంట్రాక్టరు పెద్ద తోలు సోఫా కావాలని పట్టుబట్టాడు. మండు వేసవి, మిట్టమధ్యాహ్నం. మేడం వాదించకుండా అతన్ని పక్క షాపుకు తీసుకెళ్ళి తోలు సోఫాలో కూర్చోబెట్టి టీ తెప్పించారు. టీ అయ్యేసరికి చొక్కా వీపుకు అతుక్కుంది. లేస్తుంటే సోఫా కూడా లేచి వస్తుందేమో అన్నంత చప్పుడు. తర్వాత తన దుకాణానికి తెచ్చి, వేపకర్ర చట్రానికి నీలిమందు అద్దిన నూలు నవారు అల్లిన వెడల్పాటి మంచం మీద కూర్చోబెట్టారు. దాని మీద ఆదోని దూది దిండ్లు. కాసేపటికి అతను కాళ్ళు కూడా పైకి పెట్టుకున్నాడు. "ఇది మా అబ్బ పండుకొనే మంచమే గదా మేడం" అన్నాడు. "అవునప్పా. మీ అబ్బకు ఈ ఎండ సంగతి తెలుసు" అన్నారామె. ఆ మంచం ఇప్పుడు ఆ ఇంటి హాల్లో నడిమధ్యన ఉంది. వచ్చిన వాళ్ళందరికీ అది తన ఆలోచనే అని చెబుతుంటాడాయన.

కడపలో ఒక డాక్టరమ్మ విదేశీ వెదురు సామాను ఎంచుకుని ఫొటోలు చూపించింది. "వెదురు మంచిదే తల్లీ. ఓడెక్కి, లారీ ఎక్కి నీ ఇంటికొచ్చేలోపల అది తాగే డీజిలు సంగతేమి? ముందు మీ నాయనోళ్ళ ఇంట్లో అటక చూపించు" అన్నారు మేడం. అటక మీద దుమ్ము కొట్టుకుని ఒక ఇత్తడి గంగాళం, ఒక టేకు ఉయ్యాల బల్ల దొరికాయి. గంగాళం బోర్లిస్తే భోజనాల బల్ల మీద వేలాడే దీపమైంది. ఉయ్యాల బల్ల వరండాలో కూర్చునే బల్లయింది. నేల మీది పాత నాపరాళ్ళు పీకించకుండా నున్నగా రుద్దించారు. ఉన్నది పారేసి కొత్తది కొనడం ఎంత పచ్చటి పేరు పెట్టుకున్నా దుబారానే అన్నది ఆమె సిద్ధాంతం.

ఆమె పొరపాట్లు చేయలేదని కాదు. కోసిగిలో ఈతాకు చాపలు అల్లే ఆడవాళ్ళ చేత దీపాలకు బుట్టలు అల్లించడం ఆమె ఆలోచనే. వానలు లేని ఏడు వాళ్ళు పిల్లాజెల్లాతో మిరపకోతలకు వలసపోతారు. ఈ పని దొరికిన కొన్ని ఇళ్ళవాళ్ళు ఊళ్ళోనే ఉండగలిగారు. అయితే మొదటి బుట్టలకు పాతరకం వేడి బల్బులు పెట్టించారు మేడం. ఒక ఇంట్లో ఆకు కమిలి పొగ వచ్చింది. ఆమె ఆ రోజే వెళ్ళి ఆ బుట్ట తెచ్చి తన దుకాణంలో అందరికీ కనిపించేచోట వేలాడదీశారు. ఎవరడిగినా, "పర్యావరణం పేరు చెప్పి ఇల్లు తగలబెట్టుకోమని యా శాస్త్రంలోనూ లేదు. ఇది నా నిర్వాకం" అని తానే చెప్పేవారు. వేడెక్కని దీపాలు ఎంచి మళ్ళీ అల్లించారు. ఆ కమిలిన బుట్ట ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇక మా కొత్తింటి సంగతి. మా అమ్మకు కంటినరం దెబ్బతిని చూపు సన్నగిల్లింది. కర్నూలులో అప్పుడు మేముంటున్న అద్దె ఇంట్లో ఒక సాయంత్రం జారి పడింది. ఎముక విరగలేదు గానీ ధైర్యం విరిగింది. ఆనాటి నుంచి పొద్దు గూకితే మంచం దిగదు. నీళ్ళు తాగాలన్నా ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోవాలి. ఒకప్పుడు ఇంటినంతా అదిలించి తిరిగిన మనిషి అలా ముడుచుకుపోతే చూడలేకపోయాం. మేడం వచ్చి ఆమె పక్కన కూర్చుని, "కొత్తింట్లో నువ్వు ఎవురి చెయ్యీ పట్టుకోకుండా తిరుగుతావు పెద్దమ్మా. ఆ పూచీ నాది" అన్నారు. మా అమ్మ ఆ మాటనే పట్టుకుని ఉంది. మేడం పోయిన కబురు చెబితే చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత ఒక్క మాటే అంది. "ఇంగ నన్ను మంచం మీద నుంచి దించేదెవురురా?"

నాకు తోచింది ఒకటే. ఇంటి నిండా లైట్లు పెట్టేస్తే సరి. షాపు నాదే, కొరతేముంది? హాల్లో, నడవలో, వంటింట్లో ఎక్కడా నీడనేది లేకుండా చేద్దామని సామాను కొత్తింటికి చేర్చాను. ఇంతలో ఖననం, పోయినవారి కోసం చదివే ఫాతిహా ప్రార్థన ముగిశాక వచ్చిన గురువారం నాడు, కాశీం సారు పొద్దు వాలే వేళకు మా కొత్తింటి గుమ్మంలో నిలబడ్డారు.

"మీ మేడం మాట ఇచ్చిందంట గదా. కూర్చుందాం రాండి" అన్నారు.

అమ్మను చెయ్యి పట్టి తెచ్చి హాల్లో కూర్చోబెట్టాం. ఆమె తడుముకుంటూ దేవుడి దీపం వెలిగించింది. నేనూ, నా భార్యా, కాశీం సారూ మౌనంగా కూర్చున్నాం. కిటికీలో వెలుగు ఎర్రబడి, బూడిదరంగై, గోడల మీద నుంచి దిగిపోయింది. అప్పుడు సారు గొంతు సవరించుకుని అడిగారు. "పెద్దమ్మా, చీకటి ముందు యాడికొచ్చింది?"

అమ్మ నడవ చూపిస్తుందనుకున్నాను. ఆమె వంటింటి గడప వైపు చెయ్యి చాపింది. అక్కడ నల్లటి కడప బండ వేయించాం. "ఆడ మెట్టు ఉండాదో గుంత ఉండాదో తెలీలేదు. మిగతా ఇల్లు బాగానే కనపడ్తాంది సారూ. నాకు చీకటంటే భయం ల్యా. ఆ అద్దింటి నేల మీద లైట్లు పడి నీళ్ళ మాదిరి మెరుస్తాండె. నీళ్ళేమో అని పక్కకు అడుగేసి పడినా. వీడేమో ఇంకా లైట్లు తెస్తానంటాడు" అంది.

ఇన్నాళ్ళూ మేం ఎవరం ఆమెను ఆ ప్రశ్న అడగలేదు. తెచ్చిన లైట్లు తెచ్చినట్టే షాపుకు తిరిగి వెళ్ళాయి. ఆ సాయంత్రమే గడప పక్కన మోకాలి కంటే కిందుగా, మట్టి మూకుడు కప్పిన చిన్న దీపం ఒక్కటి బిగించాను. మెరుపు లేదు, బండ అంచు మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. దీపం వెలిగించాక అమ్మ లేచింది. నేను చెయ్యి అందించబోతే కాశీం సారు కళ్ళతోనే వద్దన్నారు. ఆమె నెమ్మదిగా వెళ్ళి, గడప దాటి, మళ్ళీ గడప దాటి వచ్చి కూర్చుంది.

కూర్చున్నాక ఆమెకు ఏమనిపించిందో, "సారూ, మీ ఇంట్లో చీకటి ముందు యాడికొస్తాది?" అని అడిగింది.

కాశీం సారు గడప పక్క దీపం వైపు చూస్తూ అన్నారు. "ఇన్నేండ్లూ పుస్తకాల బీరువా పక్కకు వస్తాండె పెద్దమ్మా. ఆడ మీ మేడం దీపం పెట్టింది. ఇప్పుడు ఇల్లంతా ఒకేసారి వస్తాంది."

నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి, దాచుకోలేదు కూడా. నా భార్య లేచి టీ పెట్టింది. తెచ్చి ఇచ్చింది మాత్రం మా అమ్మ. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, ఆ నల్లబండ దాటి, ఎవరి ఆసరా లేకుండా కాశీం సారు దాకా నడిచి వచ్చింది. "రోజూ ఈ యాళకు ఈడికి రాండి సారూ. మీ ఇంట్లో దీపం పెట్టే యాళ దాటినంక పోదురు గానీ" అంది.

మేడం తీర్చిన ఇళ్ళు ఇంకా చాలాకాలం చల్లగా, అందంగా ఉంటాయి. ఆమె పద్ధతి మాకు తెలుసు గనుక పని కూడా సాగుతుంది. కానీ పొద్దు గూకే వేళ ఆ ప్రశ్నను ఆ గొంతుతో అడిగే మనిషిని ఏ ఊరి నుంచి తెచ్చుకోగలం? ఆ మహనీయురాలికి నా నమస్సులు. కాశీం సారు రోజూ వస్తున్నారు, మా అమ్మ రోజూ టీ తెచ్చి ఇస్తోంది. మేడం ఇచ్చిన మాట నిలబడింది. చూసుకోవడానికి మేడం లేరు.