బోల్టుల కొట్టుకి కొత్త సర్వర్

"ఊరికే వచ్చే లైనక్స్ ఉండగా విండోస్‌కి డబ్బు తగలెయ్యడం దేనికిరా?"

"ఊరికే వస్తుంది సరే అన్నయ్యా, అది మొరాయిస్తే నువ్వు లేపుతావా?"

"మన బాబాయి లేడూ!"

బోల్టుల కొట్టు నడిపే అన్నదమ్ముల గొడవ మెట్ల మీదికే వినిపించింది. ఆ బాబాయి మోకాలు పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. ఆయన వాళ్లకి చుట్టమేం కాదు, కంప్యూటర్ మెకానిక్. కొట్టు సరుకు వివరాలన్నీ ఉన్న పాత సర్వర్‌లో లైనక్స్ ఎక్కించింది ఆయనే. దాని గుట్టు ఇంకెవరికీ తెలియదు. అది పడకేసినప్పుడల్లా ఆయనకే ఫోను. కూతురి పెళ్లి భోజనాల మధ్యలోంచి కూడా లేచి వచ్చాడు. "మీరు కట్టుకుంది నన్నా, ఆ డబ్బానా?" అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

పైకొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"నువ్వే చెప్పు బాబాయ్, కొత్త సర్వర్‌లో ఏది పెడదాం?" అన్నాడు పెద్దవాడు.

లైనక్స్ మీద ఈగ వాలినా ఊరుకోని మనిషి, "విండోస్ పెట్టండి" అన్నాడు. "అదైతే ఈ వీధిలోనే నలుగురు బాగుచేస్తారు. లైనక్స్‌కి నేనొక్కణ్నే."

"నువ్వున్నావుగా మరి!"

"అదేరా నా బాధ."

పెద్దవాడు మొహం ముడుచుకుంటూనే సరేనన్నాడు.

కొత్త సర్వర్ వచ్చిన రోజు బాబాయే కూర్చుని విండోస్ ఎక్కించాడు. చివర్లో పాస్‌వర్డ్ పెట్టమని తెర అడిగింది. అలవాటుగా కీబోర్డు మీదికి పోయిన చేతుల్ని వెనక్కి తీసుకుని, లేచి చిన్నవాడికి కుర్చీ ఇచ్చాడు.

"నువ్వే పెట్టరా చిన్నోడా. మీ అన్నకి చెప్పు. నాకు మాత్రం చెప్పకు."