ముప్ఫై తొమ్మిదో అభ్యాసం

ఎనిమిదేళ్ళుగా ఈవిడ పని ఫోనెత్తి తిట్లు తినడం. కంపెనీ ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. అది మొరాయించినప్పుడల్లా ఎవరో ఒకరు ఈవిడ మీద విరుచుకుపడతారు. హెడ్‌ఫోన్ ముగ్గురు పెట్టుకునేది, ముగ్గురి చెమటా కలిసిన కంపు.

అలాంటిది, ప్రోగ్రాములు రాసే గదిలో రెండు సీట్లు ఖాళీ అయ్యాయి. శుక్రవారం అయిదింటిలోగా నలభై అభ్యాసాలు పూర్తిచేస్తే సీటు, లేదంటే బతుకంతా ఫోనే. ఈవిడా, పక్క సీటావిడా పేర్లిచ్చారు. చుట్టరికం ఏమీ లేకపోయినా పక్క సీటావిడ "వదినా" అనే పిలుస్తుంది.

అభ్యాసాల సారమంతా ఒక్కటే: ఏ గడిలో ఏం పెడతావో కంప్యూటరుకి ముందే చెప్పి చావాలి. అంకెలా, అక్షరాలా, ఖాళీగా కూడా ఉండొచ్చా? మాట తప్పితే కింద ఎర్రగీత. మొదట్లో ఒళ్ళు మండింది. "మా అత్తగారే నయం" అనుకుంది. పదోదానికి వచ్చేసరికి, గీత చెప్పేది నిజమేనని ఒప్పుకోక తప్పలేదు.

ముప్ఫై తొమ్మిదోది రోగి బరువు. తెలియకపోతే ఆ గడి ఖాళీగా ఉండాలి, సున్నా కాకూడదు. ఎందుకో ఈవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. ఓసారి ఓ నర్సు ఫోన్‌లో ఏడ్చింది. బరువు రాయని పసిబిడ్డకి సాఫ్ట్‌వేర్ సున్నా వేసుకుని, మందు మోతాదూ సున్నా అని చూపించిందట. ఆ బిడ్డకి ఓ పూటంతా మందే పడలేదట. ఆ గొంతు ఇంకా చెవిలోంచి పోలేదు. అందుకే మూడు రోజులుగా ఈ ఒక్కదానితోనే కుస్తీ.

శుక్రవారం సాయంత్రం ప్రోగ్రాముల గది టీమ్ లీడర్ వచ్చాడు. చిప్స్ తిన్న వేళ్ళు తుడుచుకోనైనా తుడుచుకోకుండా ఈవిడ కీబోర్డు మీద పెట్టేశాడు.

"ఇంకా దీని దగ్గరే ఉన్నారా అక్కా? ఇక్కడ 'ఎనీ' అని మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టండి. ఖాళీ అయినా, సున్నా అయినా, ఏదైనా సరే అని అర్థం. ఇంక అది నోరెత్తదు. మేమందరం పాసైంది ఇలాగే!"

ఎర్రగీత మాయమైంది. నలభయ్యోదానికీ అదే కొట్టి వెళ్ళిపోయాడు. మీటల మీద నూనె జిడ్డు మిగిలింది.

ఛీ! ఇదా వీళ్ళ చదువు? ఆ నర్సు ఏడుపంతా ఇలాంటి వేళ్ళలోంచి వచ్చిందేనా? చెరిపేద్దామని మీట మీద వేలు పెట్టింది. అయిదుకి పది నిమిషాలుంది. కొక్కేనికి వేలాడుతున్న హెడ్‌ఫోన్ కనిపించింది. వేలు వెనక్కి తీసుకుని, పంపేసింది.

నలభైకి నలభై అంది తెర. ఛీ అని ఈసారి తనని తానే అనుకుంది.

పక్క సీటావిడ కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చింది. ఏడ్చినట్టుంది, కళ్ళు వాచాయి.

"వదినా, నీకు పుణ్యముంటుంది, ఆ బరువుది ఎలా చేశావో చెప్పవా? పొద్దున్నుంచీ తల బద్దలుకొట్టుకుంటున్నా. సున్నా పెట్టేస్తే గీత పోతుంది గానీ, తప్పు కదూ?"

తప్పే. ఆ మాట అనాలంటే తనకీ రాలేదని ఒప్పుకోవాలి. ఈవిడ లేచి వెళ్ళి, ఆవిడ కీబోర్డు మీద ఆ మూడక్షరాలూ కొట్టింది.

"అయ్యో, ఇంతేనా!" అంది పక్క సీటావిడ, కళ్ళు తుడుచుకుని నవ్వేస్తూ.

"ఇంతే" అంది ఈవిడ.