డాక్టరు దగ్గరికి గంజి చీర

ఇస్త్రీ అక్క పోయింది. మొన్న పొద్దున పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే గుమ్మం ముందు అక్కవాళ్లాయన నిలబడి ఉన్నాడు. బాటసింగారం పండ్ల మార్కెట్లో హమాలీ ఆయన, ఆ వేళకు ఇంటి దగ్గర ఉండే మనిషి కాదు. చంకలో ఆస్పత్రి ఫైలు ఉంది. "మీ అక్క లేదు మేడమ్" అన్నాడు. "మధ్యాహ్నం వరకు దవాఖానోళ్లు ఇస్తరట. మీరు జర కిందికి రాండ్రి, ఆమెను తయారు చెయ్యాలె" అని మెట్లు దిగిపోయాడు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో, హాస్టళ్ల సందులో మా అపార్ట్‌మెంటు మెట్ల కింద పదకొండేళ్లుగా ఆమె టేబుల్ ఉండేది. దాని మీద నాలుగు మడతల దుప్పటి, పక్కన బొగ్గుల పెట్టె, మూతకు చిల్లులు పొడిచిన నీళ్ల సీసా. నల్గొండ దగ్గరి పల్లె నుంచి పెళ్లయిన ఏడాదే వచ్చారట. కోచింగ్ పిల్లల చొక్కాలు, మావంటి కోస్తా జీతగాళ్ల ప్యాంట్లు, చీరలు అన్నీ ఆమె చేతి మీదుగానే బజారుకు వెళ్లేవి. ఏ చొక్కా ఎవరిదో కాలరు చూసి చెప్పేది. జేబులో దొరికిన బస్సు టికెట్టు కూడా పారేయకుండా పిన్నీసుతో గుచ్చి ఇచ్చేది.

నాకు ఉద్యోగం వచ్చింది ఆమె వల్ల అంటే నవ్వకండి. కోచింగ్ సెంటర్‌లో డెమో క్లాసుకు బయల్దేరుతున్న నన్ను మెట్ల దగ్గర ఆపేసింది. "ఏంది మేడమ్ గా చీర? ఆవు నమిలినట్టున్నది. గిట్ల పోతే నీ లెక్కలు ఎవలింటరు?" నన్ను ఇంట్లోకి పంపి, చీర విప్పించి, ఐదు నిమిషాల్లో పెట్టె తిప్పి ఇచ్చింది. ఆ రోజు నుంచి నేను మేడమ్ నుంచి చెల్లెనయ్యాను. ఆ తర్వాత కూడా నలిగిన చీరతో గేటు దాటనిచ్చేది కాదు. కొంగు పట్టుకుని లాగేది.

"బట్ట మంచిగుంటెనే మాట ఇంటరు" అనేది. ఊరికే అన్న మాట కాదు. ఒకసారి ఏదో సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకు మూడు రోజులు తిరిగింది. మసి చేతులు, చెమట జాకెట్టు. మూడు రోజులూ బయటే నిలబెట్టారు. నాలుగో రోజు తన పెళ్లి నాటి జరీ అంచు చీరకు గంజి పెట్టి, కొప్పుకు పూలు పెట్టి వెళ్లింది. గుమస్తా లేచి కుర్చీ చూపించాడట. "కుర్సీ ఇచ్చిండు చెల్లె!" అని ఆ కథ నాకు ఇరవైసార్లయినా చెప్పి ఉంటుంది. చెప్పినప్పుడల్లా ఆ కుర్చీలో మళ్లీ కూర్చున్నట్టే నడుము నిటారుగా పెట్టేది.

ఇంకో మాట కూడా అనేది: "నొప్పి ఇంట్ల దాసుకోవాలె, దండెం మీద ఆరెయ్యొద్దు." అప్పట్లో ఎంత బాగా చెప్పిందో అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే పళ్లు కొరుక్కుంటున్నాను.

గాల్‌బ్లాడర్‌లో రాళ్లన్నారు. నాలుగు చిన్న రంధ్రాలు చేసి తీసేస్తాం, మూడో రోజుకు ఇంట్లో ఉంటుంది అన్నారు. ఎల్బీనగర్ వైపు ఒక ఆస్పత్రి, పేరు చెప్పను. ఆపరేషన్‌కు ముందు రోజు అక్క తన చీరలు నాలుగింటికి గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, వరసగా పేర్చుకుంది. ఒకటి చేరే రోజుకు, ఒకటి ఇంటికొచ్చే రోజుకు, ఒకటి డాక్టరు మళ్లీ చూసే రోజుకు, నీలం రంగుది కుట్లు విప్పే రోజుకు. దవాఖాన కూడా ఆమె లెక్కలో ఆఫీసే మరి.

మూడో రోజుకు నిజంగానే ఇంటికొచ్చింది. నాలుగో రోజు కుడి భుజం లాగేస్తోందంది. పొట్ట బిగుసుకుంది, అన్నం వద్దంది. ఐదో రోజు దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు తగ్గలేదు. ఆస్పత్రికి ఫోన్ చేశాను. "గ్యాస్ అండీ, అందరికీ ఉంటుంది, కాస్త నడిపించండి" అంది అక్కడి అమ్మాయి. నడిపించాను. నా భుజం పట్టుకుని సందు చివరిదాకా నడిచింది పాపం, దారిలో కనిపించిన ప్రతివాళ్లకీ మంచిగనే ఉన్ననని చెప్తూ.

ఆరో రోజు డాక్టరు చూసే రోజు. వాళ్లాయనకు మార్కెట్లో లోడు దించే పని ఉంది, నేను వెళ్లాను. "నువ్వు ఇంగ్లీషుల చెప్తే ఇంటరు" అని అక్క ముందే నన్ను ఖాయం చేసుకుంది. స్నానం చేసి, గంజి చీర కట్టుకుంది. చెయ్యి పైకి లేవక దువ్వెన నా చేతికిచ్చింది. జడ అల్లాను, కొప్పు చుట్టాను, బొట్టు పెట్టాను. రెండు గంటలు కూర్చున్నాక లోపలికి పిలిచారు. సిస్టర్ నుదుటి దగ్గర జ్వరం మిషన్ పెట్టి లేదంది. పెద్ద డాక్టరు కుట్లు చూసి, "ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"మంచిగనే ఉన్న సార్. జర భుజం గుంజుతుంది, గంతే."

"కాదు సార్, నిన్నటి నుంచి విపరీతంగా చలిజ్వరం, పొట్ట కూడా..." అని నేను మొదలుపెట్టాను.

"ఇప్పుడు లేదు కదమ్మా. చూడండి, ఎంత ఫ్రెష్‌గా ఉన్నారో" అని ఆయన నవ్వాడు. అక్క కూడా నవ్వింది. నా క్లాసులో నూట యాభై మందిని ఒక్క చూపుతో కూర్చోబెట్టే నేను, "సరే సార్" అని లేచాను. నాకు కోపం ఎక్కువ, ధైర్యం తక్కువ.

ఆటో కొత్తపేట దాటుతుంటే అక్కకు మళ్లీ వణుకు మొదలైంది. అప్పుడు చెప్పింది. "పోయేటప్పుడు జరం గోలి ఏసుకున్న చెల్లె. సారు ముందల వణుకుకుంట కూసుంటే ఏం మర్యాద?"

"అక్కా! జ్వరం చూపించడానికే కదా వెళ్లింది మనం!" అని అరిచాను. ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు. అక్కడే ఆటో తిప్పించాల్సింది. ఆ రోజు నాకు నాలుగింటికి క్లాసుంది. తిప్పించలేదు. దీన్ని మీ ముందు రాయకుండా ఉందామనుకున్నాను, కుదరలేదు.

ఎనిమిదో రోజు పొద్దున మెట్ల దగ్గర ఎండలో చూస్తే కళ్లు పచ్చగా ఉన్నాయి. మళ్లీ వెళ్లాం. బయల్దేరేముందు అక్క మళ్లీ దువ్వెన అందుకుంది. ఈసారి మాత్రం గోలీ వేసుకోనని ఒట్టు పెట్టించుకున్నాను కానీ దువ్వెన దగ్గర కాదనలేకపోయాను. ఎమర్జెన్సీలో ఉన్న చిన్న డాక్టరుకు మొదటినుంచీ అన్నీ చెప్పాను, గోలీ సంగతితో సహా. అతను అక్కను పైనుంచి కిందికి చూశాడు.

"చూడ్డానికి బాగానే ఉన్నారు కదండీ."

"కళ్లు పచ్చగా ఉన్నాయి, చూడండి."

"ఇక్కడి లైట్లు అట్లనే ఉంటయ్. సెలైన్ పెడతాం. బ్లడ్ టెస్ట్ రాసిస్తా, ఎల్లుండి పెద్ద సార్ వస్తరు, అప్పుడు చేయించుకుని రాండ్రి."

సెలైన్ ఎక్కించి పంపేశారు. ఆ ఎల్లుండి రానే లేదు. మర్నాడు పొద్దున బొగ్గుల పెట్టె పక్కనే కూలిపోయింది. అప్పుడు స్కానింగ్ చేశారు. లోపల ఎక్కడో పైత్యపు పసరు కారి పొట్టంతా నిండిందన్నారు. నాలుగు రోజులు ఐసీయూ అద్దాల గదిలో ఉంచారు. రెండో రోజు పెద్ద డాక్టరు బయటికొచ్చి, "ఇంత లేటుగా తీసుకొస్తే ఎలా అమ్మా? ముందే చెప్పాలి కదా" అన్నాడు.

మూడుసార్లు చెప్పాం. మూడుసార్లు, అయ్యా. ఆ మాట నా నోట్లోంచి రావడానికి ఇన్ని రోజులు పట్టింది, అదీ కాగితం మీద. ఇక దానికి విలువేముంది?

మొన్న వాళ్లాయన ఇచ్చిన ఫైలు తిరగేశాను. డాక్టరు చూసిన రోజు కాగితం మీద ఇంగ్లీషులో ఒక్క వాక్యం ఉంది. జ్వరం లేదు, మనిషి చూడ్డానికి బాగుంది అని దాని అర్థం. సంతకం ఆయనదే. ఆ వాక్యంలో సగం మాత్రం ఆమె గంజి, నా దువ్వెన కలిసి రాసింది. ఆయనను క్షమించలేకపోతున్నాను, నన్నూ క్షమించుకోలేకపోతున్నాను. ఎవరైనా నా పక్కన కూర్చుని ఊరుకో అంటే లేచి వెళ్లిపోతున్నాను.

మధ్యాహ్నం తీసుకొచ్చారు. మెట్ల కింద టేబుల్ పక్కకు జరిపి, అక్కడే పడుకోబెట్టారు. "మంచిగ తయారు చెయ్యండ్రి మేడమ్, గలీజుగుంటే దానికి నచ్చది" అన్నాడు వాళ్లాయన. పేర్చి పెట్టుకున్న నాలుగు చీరల్లో నీలంది అట్లాగే ఉంది. మడత విప్పితే గంజి పటపటమంది. పొరుగు ఆడవాళ్లు కట్టారు. దువ్వెన మాత్రం నా చేతికే ఇచ్చారు.

సందంతా వచ్చింది. హాస్టల్ పిల్లలు ఇస్త్రీ చొక్కాలతోనే వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు దండం పెట్టి, ఒక్క మాటే అన్నారు. "నిద్రపోయినట్టే ఉన్నది. ఎంత మంచిగున్నదో చూడు." నాకు ఆ కొప్పు పీకి, బొట్టు చెరిపి, ఇదిగో ఇప్పుడు చూడండి అని అరవాలనిపించింది.

అరవలేదు. పైకి ఎత్తుతుంటే కొప్పులోంచి ఒక పాయ జారి ఆమె నుదుటి మీద పడింది. నా చెయ్యి దానంతటదే వెళ్లి, ఆ పాయను చెవి వెనక్కి సర్దింది.